మూడుసార్లూ అవుటైనా బాగా ఆడినట్టేనా? సాఫ్ట్‌బాల్‌లో మంచి బ్యాటింగ్ టర్న్‌ను గుర్తుపట్టడం ఎలా

"ఏం సార్, మా పాప మూడుసార్లు పోయింది, మూడుసార్లూ అవుటే కదప్పా. ఇంక టీమ్‌లో ఉంచుతారంటారా?"

స్కోర్‌బుక్ పట్టుకుని కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు పక్కకి వచ్చి ఈ మాట అడుగుతారు. అనంతపురంలో అడిగారు, ధర్మవరంలో అడిగారు. కదిరి నుంచి పిల్లల్ని తీసుకొచ్చే ఒక పీఈటీ మేడమ్ అయితే రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి మరీ అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను.

ముందు, పైన ఆ మాట అడిగిన నాన్నకి ఏం చూపించానో చెప్తాను. వాళ్ళ పాప మొదటి టర్న్‌లో ఏడు బంతులు ఆడి సెంటర్ ఫీల్డర్‌కి క్యాచ్ ఇచ్చింది. రెండోసారి కొట్టిన బంతి థర్డ్ బేస్‌లో ఉన్న అమ్మాయి గ్లవ్‌లోకి నేరుగా దూసుకుపోయింది. ఆ గ్లవ్ అర అడుగు పక్కన ఉండుంటే బంతి గోడ దాకా వెళ్ళేది. మూడోసారి సెకండ్ బేస్‌లో రన్నర్ ఉంది, ఒక్క అవుట్ కూడా కాలేదు. మన పాప బంతిని కుడివైపుకి నేల మీదుగా కొట్టి తను అవుటైంది. కానీ రన్నర్ థర్డ్ బేస్‌కి చేరింది, తర్వాతి అమ్మాయి కొట్టిన బంతికి ఇంటికొచ్చింది, అంటే హోం ప్లేట్ చేరి రన్ చేసింది. మ్యాచ్‌ని ఆ ఒక్క రన్‌తోనే గెలిచారు. స్కోర్‌బోర్డు చూస్తే మూడు అవుట్లు. నా షీట్‌లో మాత్రం మూడు టిక్కులు.

ఆ షీట్ ఎలా రాయాలో కింద చెప్తాను. సాఫ్ట్‌బాల్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను. బేస్‌బాల్‌కి కూడా ఇదే పద్ధతి, తేడా ఉన్నచోట చెప్తాను.

కావలసినవి

- పొడవాటి రూళ్ళ నోట్‌బుక్, లేదా అచ్చు స్కోర్‌బుక్. నోట్‌బుక్ అయితే ఒక్కో బ్యాటర్‌కి ఒక అడ్డవరస, ఒక్కో టర్న్‌కి అగ్గిపెట్టె అంత గడి.
- రెండు పెన్నులు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు.
- కాగితాలు పట్టి ఉంచే రెండు పెద్ద క్లిప్పులు. మన జిల్లాలో ఆషాఢ గాలి ఎలాంటిదో తెలిసిందేగా. ఒకసారి మూడో ఇన్నింగ్స్ మొత్తం ఎగిరిపోయి ముళ్ళకంపలో చిక్కుకుంది.
- బంతులు లెక్కపెట్టే చిన్న క్లిక్కర్ ఉంటే మంచిది, లేకపోయినా నష్టం లేదు. కొందరు పిల్లలు శెనక్కాయలు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి వేస్తూ లెక్కపెడతారు. ఐదో ఇన్నింగ్స్‌కల్లా లెక్కని తినేస్తారు. వద్దు.
- ఫోన్‌లో వీడియో తీయాలనుకుంటే నీడ. ఏప్రిల్, మే ఎండల్లో ఫోన్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. వీడియోనే నమ్ముకుంటే సగం మ్యాచ్ పోతుంది.

1. ముందు టర్న్ అంటే ఏంటో తేల్చుకోండి

బ్యాటర్ ప్లేట్ దగ్గర నిలబడినప్పటి నుంచి అవుటయ్యేదాకానో బేస్ చేరేదాకానో జరిగిందంతా ఒక టర్న్. స్కోర్‌బుక్‌లో దీన్ని ప్లేట్ అప్పియరెన్స్ అంటారు. మనవాళ్ళు టర్న్ అనో ఛాన్స్ అనో అంటారు. నేనూ టర్న్ అనే అంటాను.

దీన్ని 'ఎట్ బ్యాట్'తో కలపొద్దు. వాక్ (కొట్టే వీలు లేకుండా పడిన బంతులు నాలుగు వదిలేస్తే ఊరికే వచ్చే ఫస్ట్ బేస్), బంతి ఒంటికి తగిలి బేస్ రావడం, శాక్రిఫైస్ బంట్ (తను అవుటైనా రన్నర్ ముందుకు జరిగేలా బంతిని బ్యాట్‌తో మెల్లగా తాకించడం), శాక్రిఫైస్ ఫ్లై (గాల్లోకి కొట్టి క్యాచ్ అయినా రన్నర్‌ని ఇంటికి చేర్చడం)... ఇవి టర్న్‌లే గానీ ఎట్ బ్యాట్‌లు కావు. బ్యాటింగ్ సగటు కట్టేది ఎట్ బ్యాట్‌ల మీద, వాటిలో ఎన్ని హిట్లు (కొట్టి క్షేమంగా బేస్ చేరినవి) అని. అంటే సగటులో వాక్ కనబడదు, రన్నర్‌ని ముందుకు జరిపిన బంట్ కనబడదు, థర్డ్ బేస్ అమ్మాయి గ్లవ్‌లోకి దూసుకుపోయిన ఆ బంతి అయితే ఉత్త అవుట్‌గానే కనబడుతుంది.

2. ప్లేట్ వెనకాల కూర్చోండి

హోం ప్లేట్ వెనక, వల అవతల, అంపైర్ భుజం మీదుగా కనబడేలా కూర్చోవాలి. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, అంటే రెండు జానల కన్నా కాస్త తక్కువ. బంతి ఆ వెడల్పు మీదుగా వచ్చిందో లేదో పక్కనుంచి చూస్తే అస్సలు తెలీదు. డగౌట్ బెంచీ మీద కూర్చుని "అది బాల్ కదా, స్ట్రైక్ ఎలా ఇస్తాడు" అని అరిచేవాళ్ళందరి గొడవా ఇదే. పక్కనుంచి ఎత్తు తెలుస్తుంది గానీ వెడల్పు తెలీదు.

చెట్టు నీడ ఫస్ట్ బేస్ వైపే ఉందని అక్కడ కూర్చోవద్దు. గొడుగు తెచ్చుకోండి.

3. టిక్కు దేనికో మ్యాచ్‌కి ముందే రాసి పెట్టుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. నియమాలు ముందే రాసుకోకపోతే మ్యాచ్ మధ్యలో మన పిల్లలకి మనమే మార్కులు వేసుకుంటాం. నా నోట్‌బుక్ అట్ట లోపల రాసుకున్నవి ఇవి. వీటిలో ఏ ఒక్కటి జరిగినా టర్న్‌కి టిక్కు:

- బంతి గట్టిగా తగిలింది. ఎవరు పట్టుకున్నారు, అవుటా కాదా అనేది అనవసరం.
- వాక్ వచ్చింది, లేదా బంతి ఒంటికి తగిలి బేస్ వచ్చింది. (కావాలని ఒంటిని అడ్డం పెడితే అంపైర్ బేస్ ఇవ్వరు. మనం టిక్కూ ఇవ్వం.)
- పిచ్చర్‌తో ఆరు బంతులైనా వేయించింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి ఐదు చాలు.
- రెండు స్ట్రైక్‌లు పడ్డాక (మూడు పడితే అవుట్) ఇంకో మూడు బంతులు నిలబడింది.
- అవుట్లు లేనప్పుడు సెకండ్ బేస్ రన్నర్‌ని థర్డ్‌కి చేర్చింది.
- శాక్రిఫైస్ బంట్ పని చేసింది.
- రెండు అవుట్లు కాకముందు థర్డ్‌లో ఉన్న రన్నర్‌ని ఇంటికి చేర్చింది, గ్రౌండర్‌తోనో (నేల మీదుగా కొట్టిన బంతి) ఫ్లైతోనో (గాల్లోకి కొట్టింది).

ఇవన్నీ ప్రపంచమంతా ఒప్పుకున్న రూల్స్ కావు. అమెరికాలో కోచ్‌లు కూడా ఎవరి జాబితా వాళ్ళు పెట్టుకుంటారు, కొందరు ఆరు బంతులంటారు, కొందరు ఎనిమిదంటారు. మీరూ మార్చుకోవచ్చు. సీజన్ మధ్యలో మాత్రం మార్చొద్దు. మారిస్తే జూలై షీట్‌నీ నవంబరు షీట్‌నీ పక్కపక్కన పెట్టి చూసినా ఏమీ తేలదు.

తగువొచ్చే చోట్లు మూడున్నాయి.

ఆరు బంతులు ఆడి, చివరికి నడిమధ్యలో వచ్చిన స్ట్రైక్‌ని చూస్తూ నిలబడి అవుటైతే? నేను టిక్కు పెట్టను. నాతో పాటు స్కోర్ రాసే ఒకాయన పెడతారు, పిచ్చర్‌ని అలసిపోయేలా చేసిందిగా అంటారు. నాలుగేళ్ళుగా వాదించుకుంటూనే ఉన్నాం. మీరు ఏదో ఒకటి తేల్చుకుని రాసి పెట్టుకోండి.

నాలుగు బంతులూ నేల మీద పడి వాక్ వస్తే? అది పిచ్చర్ ఇచ్చిన దానమే కదా అంటారు. అయినా టిక్కు పెడతాను. ఎందుకంటే అదే పిచ్చర్ వేసిన అలాంటి నేలబంతులకే గుడ్డిగా ఊపి అవుటైన పిల్లలు అదే మ్యాచ్‌లో కనబడతారు. వదిలేయడం కూడా పనితనమే. క్రికెట్‌లో ఈ సంగతి మనందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో మన అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి కదా, ఆఫ్ స్టంప్ బయటి బంతిని బ్యాట్స్‌మన్ వదిలేస్తే "బాగా వదిలాడు" అంటాం. అదే మన పాప సాఫ్ట్‌బాల్‌లో వదిలేస్తే "కొట్టమ్మా కొట్టు!" అని బౌండరీ నుంచి కేకలు.

బ్యాట్ అంచుకి తగిలి, ముగ్గురి మధ్యలో పడిపోయిన బంతికి హిట్ వస్తే? టీమ్‌కి అది బంగారమే. స్కోర్‌బుక్‌లో హిట్ అని రాయండి. టిక్కు మాత్రం వద్దు, ఆ టర్న్‌లో పైవాటిలో ఇంకేదైనా జరిగితే తప్ప. ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు మూతి ముడుచుకుంటారు.

ఇక, అవతలి టీమ్ కావాలని వాక్ ఇస్తే ఆ టర్న్‌కి టిక్కూ వద్దు, సున్నా వద్దు. గీత కొట్టి లెక్కలోంచి తీసేయండి. బ్యాటర్ చేసిందేమీ లేదు.

4. బంతి బంతికీ ఒక అక్షరం రాయండి

ఇంగ్లిష్ స్కోర్‌బుక్ గుర్తులు అలవాటుంటే అవే వాడండి. మా పిల్లలకి నేను నేర్పింది తెలుగు అక్షరాలతో, ఒక్క పూటలో వచ్చేసింది:

బా: బాల్, బ్యాటర్ వదిలేసింది
చూ: స్ట్రైక్, చూస్తూ వదిలేసింది
మి: ఊపింది, తగల్లేదు
ఫౌ: ఫౌల్, తగిలింది గానీ గీత బయటికి పోయింది
త: తగిలి ఆటలోకి వచ్చింది

ఇక్కడ 'బాల్' అంటే స్ట్రైక్ జోన్ (ప్లేట్ మీదుగా, బ్యాటర్ కొట్టడానికి వీలైన ఎత్తులో ఉండే చోటు) బయట పడిన బంతి అని అంపైర్ చెప్పే మాట. చేతిలో ఉండేదాన్ని నేను 'బంతి' అనే రాస్తున్నాను.

మొదట్లో చెప్పిన పాప మొదటి టర్న్ గడిలో ఇలా ఉంది:

బా, చూ, ఫౌ, బా, ఫౌ, బా, త

దీన్ని చదవడం నేర్చుకోండి. మొదటిది బయటికి పడింది, వదిలేసింది. రెండోది మోకాలి దగ్గర, స్ట్రైక్ జోన్ అంచు మీదుగా వచ్చింది, వదిలేసింది, స్ట్రైక్. మూడోది ఫౌల్, రెండు స్ట్రైక్‌లు. ఇక్కడ చాలామంది పిల్లలకి టెన్షన్ మొదలవుతుంది, ఏది వచ్చినా ఊపేస్తారు. ఈ పాప నాలుగోదాన్ని వదిలేసింది, బాల్. ఐదోది మళ్ళీ ఫౌల్. రెండు స్ట్రైక్‌ల తర్వాత ఫౌల్ పడినా అవుట్ కాదు, లెక్క అక్కడే ఉంటుంది. ఆరోది వదిలేసింది, మూడు బాల్స్ రెండు స్ట్రైక్‌లు. ఏడోది కొట్టింది. రెండు స్ట్రైక్‌ల మీద నాలుగు బంతులు నిలబడింది. ఫ్లై పోయి క్యాచ్ అయింది, అది వేరే సంగతి.

అదే ఇన్నింగ్స్‌లో ముందు వచ్చిన అమ్మాయి గడిలో ఒకే ఒక్క అక్షరం: త. మొదటి బంతి మెడ ఎత్తులో వచ్చింది, ఊపింది, గాల్లోకి లేచింది, క్యాచర్ పట్టుకుంది. రెండూ అవుట్లే. రెండూ ఒకటేనా?

అలాగని మొదటి బంతినే కొట్టడం తప్పని కాదు. మొదటిది నడిమధ్యలో వచ్చి గట్టిగా తగిలితే అది ఒక్క బంతి టర్న్ అయినా టిక్కే. బంతులు ఎక్కువ ఆడడం ఒక దారి మాత్రమే. దాన్నే దైవం చేసుకుంటే పిల్లలు మంచి బంతుల్ని కూడా వదిలేయడం మొదలుపెడతారు. ఒక సీజన్‌లో మా దగ్గర సరిగ్గా అదే జరిగింది, ఆరు బంతులకి టిక్కు అని చెప్పేసరికి మొదటి రెండు స్ట్రైక్‌లూ ధారపోసి తర్వాత పోరాడడం మొదలుపెట్టారు.

5. గట్టిగా తగిలిందా? కంటితో తేల్చే పద్ధతి

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

శబ్దాన్ని నమ్మొద్దు. అల్యూమినియం బ్యాట్ ఎలా తగిలినా 'టింగ్' మంటుంది. కాంపోజిట్ బ్యాట్ బాగా తగిలినా మొద్దుగా వినబడుతుంది. దూరాన్నీ నమ్మొద్దు. ఆషాఢంలో గాలి వెనకనుంచి వీస్తుంటే మామూలు పాప్ ఫ్లై కూడా లెఫ్ట్ ఫీల్డర్ వెనక్కి పరిగెత్తేంత పోతుంది. ఎదురుగాలికి మంచి దెబ్బ కూడా షార్ట్‌స్టాప్ వెనకే చచ్చి పడుతుంది. మన గ్రౌండ్లలో ఇంకోటి కూడా ఉంది, ఎర్రమట్టిలో గులకరాళ్ళు. మెల్లగా దొర్లే బంతి రాయికి తగిలి ఎగిరి ఫీల్డర్ పక్కనుంచి పోతే, చూసేవాళ్ళకి బుల్లెట్‌లా కొట్టినట్టే ఉంటుంది.

నేను చూసేవి మూడు.

ఒకటి, ఫీల్డర్ మొదటి అడుగు. బంతి గట్టిగా వస్తే ఫీల్డర్‌కి అడుగు వేసే టైమ్ ఉండదు, గ్లవ్ ముందు కదులుతుంది. కాళ్ళు ముందు కదిలాయంటే బంతి మెల్లగా వచ్చిందన్నమాట.

రెండు, బంతి మొదట నేలని ఎక్కడ తాకింది. ఇన్‌ఫీల్డ్ మట్టి దాటాక తాకితే, మరీ ఎత్తుగా లేవకుండా వెళ్ళి ఉంటే, అది గట్టి దెబ్బే.

మూడు, బ్యాటర్ చేతులు. ఫస్ట్ బేస్‌కి పరిగెత్తుతూ చేతులు విదిలించుకుందంటే బంతి బ్యాట్ పిడి దగ్గరో చివరనో తగిలింది, చేతులు జివ్వుమన్నాయి. సరిగ్గా తగిలిన బంతికి చేతుల్లో ఏమీ తెలియదు. ఇది బెంచీ మీద నుంచి ఎవరూ చూడరు. చూడడం అలవాటు చేసుకుంటే మళ్ళీ మర్చిపోలేరు.

మూడింటిలో రెండు కుదిరితే టిక్కు. అనుమానంగా ఉంటే పెట్టొద్దు.

6. అవుట్లు, రన్నర్లు గడి మూలలో రాయండి

బ్యాటర్ వచ్చేటప్పుడే గడి పై మూలలో ఎన్ని అవుట్లు, ఏ బేస్‌లలో రన్నర్లు అనేది రాసేయండి. '0, సె' అంటే అవుట్లు లేవు, సెకండ్‌లో రన్నర్. ఇది తర్వాత గుర్తు చేసుకుని రాయలేరు, ఎవరి వల్లా కాదు.

ఇది ఎందుకంటే, సెకండ్ బేస్ వైపు కొట్టిన ఒకే రకం గ్రౌండర్ '0, సె' దగ్గర టిక్కు, '2, సె' దగ్గర ఉత్త అవుట్. ఇన్నింగ్స్ అయిపోయింది కదా, రన్నర్ ఎక్కడికి చేరితే ఏం లాభం.

బంట్ దగ్గర ఒక జాగ్రత్త. రెండు స్ట్రైక్‌ల తర్వాత బంట్ చేస్తే, అది ఫౌల్ అయితే బ్యాటర్ అవుట్. మామూలు ఫౌల్‌కి ఉన్న రాయితీ బంట్‌కి లేదు. కొత్త స్కోరర్లు ఇది ఫౌల్ అనుకుని రాసి, తర్వాత అవుట్ల లెక్క తేడా వచ్చి తల పట్టుకుంటారు.

మూడో స్ట్రైక్‌కి ఊపి మిస్సయినా, క్యాచర్ బంతి జారవిడిస్తే కొన్ని సందర్భాల్లో బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తి బతికిపోవచ్చు. బేస్ చేరింది కాబట్టి టిక్కు పెట్టేస్తారు కొందరు. వద్దు. అది క్యాచర్ తప్పు. అదే విధంగా, షార్ట్‌స్టాప్ చేతిలోంచి జారితే బేస్ చేరినా, బంతి గట్టిగా తగిలిందా లేదా అన్నది మాత్రమే చూడండి.

7. తర్వాతి బ్యాటర్‌కి మొదటి బంతి పడేలోపే ఎర్రపెన్నుతో తేల్చేయండి

టిక్కో, సున్నానో. ఇంటికెళ్ళి రాస్తానంటే కుదరదు. ఇంటికెళ్ళేసరికి మ్యాచ్ గెలిచామా ఓడామా అనేది మనసులో ఉంటుంది, గెలిస్తే అన్నీ మంచి టర్న్‌లే అనిపిస్తాయి.

టిక్కు పక్కనే ఎందుకో రెండు అక్షరాలు రాయండి: 'గట్టి', 'వాక్', 'ఆరు', 'జరి' (రన్నర్‌ని జరిపింది). కారణం లేని టిక్కుకి విలువ లేదు.

ఇంకో మాట. మ్యాచ్ జరుగుతుండగా షీట్‌ని పిల్లలకి చూపించొద్దు. చూపిస్తే నాలుగో ఇన్నింగ్స్ నుంచి అంపైర్‌తో కాక మీతో వాదిస్తారు.

ఎక్కువగా జరిగే తప్పులు

మొదటి తప్పు నాదే, చెప్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక సెలెక్షన్ ట్రయల్స్‌కి స్కోర్ రాశాను. నా షీట్‌లో హిట్లు, అవుట్లు తప్ప ఏమీ లేవు, అప్పటికి నాకు తెలిసింది అంతే. రెండు మ్యాచ్‌ల్లో ఒక అమ్మాయికి హిట్ ఒక్కటీ లేదు. నాకు గుర్తున్నంతవరకు మూడు వాక్‌లు, రెండు గట్టి దెబ్బలు, ఒక బంట్. కాగితం మీద మాత్రం ఎట్ బ్యాట్‌లు నాలుగు, హిట్లు సున్నా. ఆ కాగితం చూసి పేరు కొట్టేశారు. కొట్టేసినవాళ్ళని ఏమీ అనలేను, నేను రాసి ఇచ్చిందే వాళ్ళు చదివారు. ఆ అమ్మాయి బ్యాగు భుజానికేసుకుని బస్టాండు వైపు నడిచిపోవడం ఇప్పటికీ కళ్ళముందు ఉంటుంది.

రెండో తప్పు, అవుటైతే సున్నా అనే అలవాటు చెయ్యి వదలదు. దీనికి మందుగా అమెరికా బేస్‌బాల్‌లోంచి రెండు పాత టర్న్‌లు చెప్తుంటాను. 2004 మే 12న డాడ్జర్స్ ఆటగాడు అలెక్స్ కోరా ఒకే టర్న్‌లో 18 బంతులు ఆడి చివరికి హోం రన్ కొట్టాడు. 2018 ఏప్రిల్ 22న శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి ఆడే బ్రాండన్ బెల్ట్ ఒకే టర్న్‌లో 21 బంతులు ఆడాడు, అందులో 16 ఫౌల్స్. చివరికి రైట్ ఫీల్డర్‌కి క్యాచ్ ఇచ్చి అవుట్. స్కోర్‌బోర్డు ప్రకారం కోరా హీరో, బెల్ట్ జీరో. కానీ బెల్ట్ ఎదురుకున్న ఆ కొత్త పిచ్చర్ హైమె బారియా ఆ రోజు రెండు ఇన్నింగ్స్‌కి మించి పూర్తి చేయలేకపోయాడు. ఆ 21 బంతులకి మీ షీట్‌లో సున్నా పెడతారా?

మూడోది, ఒక్క మ్యాచ్ చూసి తీర్పు చెప్పడం. ఒక మ్యాచ్‌లో ఒక అమ్మాయికి వచ్చేవి మూడో నాలుగో టర్న్‌లు. నేనైతే ఇరవై టర్న్‌లు అయ్యేదాకా శాతాలు కట్టను. ఆ తర్వాత కూడా సగానికి పైగా టిక్కులుంటే ఆ పిల్ల మీద నాకు దిగులుండదు.

నాలుగోది బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లెక్కలు కలిపేయడం. సాఫ్ట్‌బాల్ ఏడు ఇన్నింగ్స్‌లు, బేస్‌బాల్ తొమ్మిది. మహిళల సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్ 43 అడుగుల దూరం నుంచే వేస్తుంది. బేస్‌బాల్‌లో ఆ దూరం 60 అడుగుల 6 అంగుళాలు. బంతి వేగం గంటకి 100 కిలోమీటర్లుంటే 43 అడుగులు దాటడానికి అర సెకను కూడా పట్టదు. అందుకే "పెద్ద బంతి కదా, కొట్టడానికేం కష్టం" అనే అన్నలకి ఒకసారి బ్యాట్ ఇచ్చి నిలబెట్టండి. తర్వాత ఏమీ అనరు.

రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

మ్యాచ్ అయ్యాక, గ్రౌండ్ వదలకముందే ఈ లెక్క వేయండి. ఒక టీమ్ టర్న్‌లన్నీ కలిపితే ఎంతో, ఆ టీమ్ చేసిన రన్‌లు, బేస్‌ల మీద మిగిలిపోయిన రన్నర్లు, అయిన అవుట్లు కలిపితే అంతే రావాలి. ప్లేట్ దగ్గరికి వచ్చిన ప్రతి బ్యాటర్ గతీ ఆ మూడింటిలో ఒకటే కదా. ఉదాహరణకి 5 రన్‌లు, 6 మంది మిగిలారు, ఏడు ఇన్నింగ్స్‌ల్లో 21 అవుట్లు. మొత్తం 32. మీ షీట్‌లో నిండిన గడులు 32 ఉండాలి. 31 ఉంటే ఒక టర్న్ రాయలేదు.

33 వస్తే ముందు ఒకటి చూడండి. బ్యాటర్ ఆడుతుండగా రన్నర్ బేస్ దొంగిలించబోయి మూడో అవుట్ అయితే ఆ బ్యాటర్ టర్న్ లెక్కలోకి రాదు. తర్వాతి ఇన్నింగ్స్‌లో మళ్ళీ ఆమే మొదట వస్తుంది, సున్నా నుంచి మొదలు. ఈ సగం గడిని కొట్టేయడం అందరూ మర్చిపోతారు, నాతో సహా.

సాఫ్ట్‌బాల్‌లో స్కోర్లు సమమై ఎనిమిదో ఇన్నింగ్స్ నుంచి టై బ్రేకర్ పెడితే రన్నర్‌ని సెకండ్ బేస్‌లో ఊరికే నిలబెడతారు. ఆమె టర్న్ ఆడి అక్కడికి రాలేదు. కాబట్టి అలాంటి ప్రతి ఇన్నింగ్స్‌కీ ఒకటి తీసేసి సరిచూసుకోండి.

టిక్కుల్ని సరిచూసేది వేరే పద్ధతి. ఇద్దరు కూర్చుని ఒకరిది ఒకరు చూడకుండా రాయండి, చివర్లో పోల్చండి. ముప్పై రెండిట్లో రెండు మూడు తేడా వస్తే మామూలే. ఆరేడు వస్తే మీలో ఒకరు 'గట్టి' అన్న మాటని ఉదారంగా వాడుతున్నారు. సాధారణంగా అది ఆ టీమ్‌లో కూతురున్న మనిషి అయ్యుంటారు.

చివరిగా, మీ షీట్ సగటు చెప్పని విషయం ఏమైనా చెప్తోందా చూడండి. 12 టర్న్‌లు ఆడిన ఒక అమ్మాయి అనుకోండి. 2 హిట్లు, 3 వాక్‌లు, 1 శాక్రిఫైస్ బంట్, 6 అవుట్లు. వాక్‌లు, బంట్ తీసేస్తే ఎట్ బ్యాట్‌లు 8, సగటు .250. బేస్ చేరిన లెక్క చూస్తే 11కి 5, అంటే .455 (శాక్రిఫైస్ బంట్ ఈ లెక్కలోకీ రాదు). టిక్కులు చూద్దాం. హిట్లలో ఒకటి గట్టిది, ఒకటి అంచుకి తగిలింది. మూడు వాక్‌లు, ఒక బంట్. అవుట్లలో రెండు గట్టి దెబ్బలు, ఒకటి ఏడు బంతులది. మొత్తం 12కి 8. మూడు లెక్కలూ ఒకే అమ్మాయివి. సెలెక్షన్‌కి వెళ్ళేటప్పుడు మూడూ ఒకే కాగితం మీద రాసి ఇవ్వండి, కింద గడులన్నీ జత చేయండి.

ఆ నాన్న అడిగినదానికి నేను నోటితో ఏమీ చెప్పలేదు. షీట్ ఫోటో తీసుకోమన్నాను. రెండు మ్యాచ్‌ల తర్వాత చూస్తే ఆయనే వల వెనక పాత లెక్కల నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని, నోటికి అడ్డంగా టవల్ కట్టుకుని కూర్చునున్నాడు. "సార్, ఇప్పుడు పడింది చూ-నా, బా-నా?" అని అడిగాడు. అంపైర్ చెయ్యి చూడమన్నాను.